పొన్నమ్మాళ్ లైన్‌లో ఉంది

మధ్యాహ్నం భోజనాలయ్యాక నందిత గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, ముందుగదిలో కంప్యూటర్ తెరిచి కూర్చుంటుంది. ఎక్కడెక్కడి పిల్లలకో వీడియోలో లెక్కలు చెప్పడం ఆమె ఉద్యోగం. భర్త రఘునాథన్ కరెంటు ఆఫీసుకు, కూతురు ఆర్తి బడికి పోయుంటారు. ఆ వేళకు పుదుచ్చేరిలో ఆ ఉప్పళం వీధులన్నీ ఎండకు తలుపులు మూసుకుని ఉంటాయి. సరిగ్గా అప్పుడే పొన్నమ్మాళ్ నెట్ చూడడం మొదలుపెడుతుంది.

పొన్నమ్మాళ్ నందితకు అత్తగారు. పోయిన వానకాలంలో చనిపోయింది. బతికున్నన్నాళ్లూ ఫోన్ ముట్టుకుని ఎరగదు. పోయాక మాత్రం రోజూ మధ్యాహ్నం ఇంటి లైన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. గదిలో తలంటుకున్న జుట్టు తడివాసన, సీకాయ వాసన వస్తాయి. రౌటర్ మీది పచ్చదీపం ఆగకుండా కొట్టుకుంటుంది. నందిత ముందున్న తెరమీద పిల్లల ముఖాలు నోళ్లు తెరిచినవి తెరిచినట్టే బిగుసుకుపోతాయి.

"కొంచెం ఆగండి, మా అత్త లైన్‌లో ఉండారు" అని చెప్పేది నందిత. ఆ మాట పిల్లలకు చేరేది కాదు.

పొన్నమ్మాళ్ చూసేది ఒకే ఒక పేజీ. కారైకాల్లో రవికలు కుట్టి, వాటిమీద దారంతో అల్లికపని చేసే ఒకామె దుకాణం పేజీ అది. ఆమె పేరు పరిమళ. పొన్నమ్మాళ్ కూతురు, రఘునాథన్ చెల్లెలు.

పడవ ఇంజన్లు బాగుచేసే చంద్రన్‌ని ఇంట్లో వద్దన్నా పెళ్లి చేసుకుని పరిమళ ఇల్లు విడిచి వెళ్లింది. కొన్నేళ్లకు తండ్రి చనిపోయాడని విని వచ్చింది. రఘునాథన్ వాకిట్లో అడ్డంగా నిలబడి ఆమెను లోపలికి రానివ్వలేదు. పొన్నమ్మాళ్ లోపల మొగుడి తలదగ్గర కూర్చుని ఉంది. కూతురు "అమ్మా" అని పిలవడం ఆమెకు వినబడింది. లేవలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో పరిమళ పేరు ఎవరూ ఎత్తలేదు. పేజీలో ఫోన్ నంబరు ఉంది. నందిత దాన్ని చూసింది గానీ ఎన్నడూ కొట్టలేదు. ఆ పేరు జోలికి పోకూడదని కాపురానికి వచ్చిన కొత్తలోనే నేర్చుకుంది.

ఇట్లా ఉండగా, పాఠం నడుమ ఇంకొకసారి లైన్ తెగితే వేరే టీచర్ని చూసుకుంటామని కంపెనీవాళ్లు చెప్పారు. నందిత పెళ్లికి ముందు లాస్‌పేటలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసింది. ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం భర్తకు కాఫీ ఇచ్చి చెప్పింది.

"రౌటర్లో ప్రాక్సీ పెట్టాలండి. ఇంట్లో ఎవరు ఏం అడిగినా మన బదులు అదే పోయి తెస్తుంది. ఏది పెట్టాలా అని చూస్తా ఉండాను. ప్రివాక్సీ అని ఒకటి ఉంది, వద్దన్నదాన్ని రానీకుండా అడ్డం పెడుతుంది. స్క్విడ్ అని ఇంకొకటి. ఒకసారి తెచ్చింది దాచిపెట్టుకొని, మళ్లా అడిగితే ఆ దాచిందే ఇస్తుంది. దానికి జాగా ఎక్కువ కావాల. టైనీప్రాక్సీ అని చిన్నది ఒకటుంది. అది దేన్నీ దాచదు, ఒక్కొక్కటిగా మోసుకొనిపోయి తెస్తుంది, అంతే."

"అడ్డం పెట్టేదే పెట్టు" అన్నాడు రఘునాథన్.

"ఏ పేరు అడ్డం పెట్టాలో దాంట్లో రాయాల."

"రాయి."

"నేను రాయనండి. మీరే రాయండి."

అతను కాఫీ కిందపెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒక వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ చెల్లెలి పేరు కొట్టాడు. సగంలో తప్పుపోయి, చెరిపి, మళ్లీ కొట్టాడు. తర్వాత లేచి దొడ్లోకి పోయి చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు.

మర్నాటినుంచి మధ్యాహ్నం లైన్ నిక్షేపంగా ఉంది. సీకాయ వాసన లేదు. నందిత పాఠాలు చక్కగా జరిగాయి. నాలుగు రోజులు పోయాక పక్కింటి తిలకవతి గోడమీదుగా పిలిచింది.

"నందితా, మీ అత్త మా లైన్‌లోకి వచ్చుండాది."

"ఎప్పటినుంచి అక్కా?"

"నాలుగు దినాలుగా. మా తిన్నె ఎంత తుడిచినా తడి ఆరేది లేదు. నాకేం కష్టం లేదులే, చూసుకోని. కానీ మా ఇంట్లో నెట్ ఉండేది కొంచెమే. అది అయిపోతానే వీధి కొసన తిరుమలై ఇంటికి పోతా ఉందంట. ఎట్లా బతికిన మనిషి. వాకిలి వాకిలికీ పోయి నిలబడేది చూడలేకుండా ఉంది నాకు."

ఆ మాట నందిత రాత్రి అన్నం వడ్డిస్తూ రఘునాథన్‌కి చెప్పింది. అతను కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి చేయి కడుక్కున్నాడు. వెళ్లి కంప్యూటర్ తెరిచి, తాను రాసిన పేరును తానే తీసేశాడు.

"ఇంకొకటి ఏదో చెప్పినావే. దాచిపెట్టుకొనేది. అది పెట్టు. అమ్మ ఇంట్లోనే ఉంటుంది, నీ పనీ జరుగుతుంది."

నందితకూ అదే నయమనిపించింది. రౌటర్‌కి పెన్‌డ్రైవ్ తగిలించి జాగా చేసి, స్క్విడ్ పెట్టింది. పొన్నమ్మాళ్ తిరిగొచ్చింది. అడిగిన పేజీ అడిగినట్టే వచ్చేది, బయటికి పోయే అవసరమే లేకుండా. పచ్చదీపం నెమ్మదించింది. పిల్లల ముఖాలు కదులుతూ మాట్లాడుతూ ఉన్నాయి. కంపెనీవాళ్లు నందితను మెచ్చుకున్నారు కూడా.

ఇల్లు మాత్రం బాగాలేదు. సీకాయ వాసన మధ్యాహ్నంతో పోకుండా రాత్రీ పగలూ నిలిచిపోయింది. రౌటర్ పెట్టిన గోడ చెమర్చింది. దండెం మీది బట్టలు ఎండలోనూ ఆరలేదు. పాఠం చెబుతూ ఉంటే ఎవరో తన వీపు వెనక నిలబడి, అడగడానికి నోరు రాక ఊరుకున్నట్టు ఉండేది నందితకు. వెనక్కి తిరిగేది కాదు.

బడి సెలవురోజున ఆర్తి ఆ గదిలో కూర్చుని అన్నం తింటూ రౌటర్ వైపే చూస్తూ ఉంది.

"అమ్మా, అవ్వ ఒకే ఫోటోకాడ నిలిచిపోయుండాది. ఆ నీలం రవిక కాడనే."

"చూసుకోనీలే."

"మనం ఇచ్చేది పాత పేజీ కదా. అత్త ఇప్పుడు బాగుందో లేదో దాంట్లో యాడ తెలుస్తుంది?"

ఆ ఇంట్లో పరిమళను ఎవరైనా ఒక వరుసపెట్టి పిలవడం నందిత అప్పుడే విన్నది. లేచి రౌటర్‌కి ఉన్న పెన్‌డ్రైవ్ పీకేసింది. తీసి చూస్తే అది తడిసి ఉంది.

రఘునాథన్ ఆఫీసునుంచి వచ్చేసరికి దేన్నీ దాచని ఆ మూడోది పెట్టేసి ఉంది.

"మళ్లా నీ లైన్ పోతుంది కదా" అన్నాడు.

"పొద్దున క్లాసులు అడిగినానండి. పిల్లలు తక్కువే. ఉద్యోగం ఉంటుంది." ఆగి అంది: "పరిమళ బాగుందా అని మనం ఎటూ అడగలేదు. అత్తనన్నా అడగనీండి."

మరునాడు మధ్యాహ్నం పచ్చదీపం మొదటిరోజుల్లో మాదిరి కొట్టుకుంది. పొన్నమ్మాళ్ అడిగింది, ప్రాక్సీ పోయి తెచ్చింది, మళ్లీ అడిగింది. పొద్దు వాలేదాకా ఆ దీపం ఆగలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. రఘునాథన్ పోయి తలుపు తీశాడు. చేతిసంచితో పరిమళ నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అతను పక్కకు జరిగాడు. ఆమె లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే వంటింటి దారి పట్టింది.

నందిత చెంబుతో నీళ్లిచ్చి, పీట వేసింది. పరిమళ నీళ్లు తాగి, చెంబు ఒళ్లోనే పెట్టుకుని మాట్లాడింది.

"ఆయన పోయి రెండేళ్లయింది వదినా. పిలకాయలు లేరు. కుట్టుపనీ తగ్గిపోయింది. పక్కింటి పాప ఒకటి నాకు ఆ పేజీ చేసిచ్చింది. ఎవరన్నా తెరిస్తే నా ఫోన్ మోగుతుంది, ఏ ఊరినుంచి చూస్తా ఉండారో చెబుతుంది. అమ్మ పోయిందని విన్నాక రోజూ మధ్యాహ్నం మోగేది. పుదుచ్చేరి అని. అమ్మేనని తెలుసు. మిషన్ ఆపి కూర్చునేదాన్ని."

"ఊఁ" అంది నందిత.

"నడుమ కొన్నాళ్లు మోగలేదు. ఎన్ని దినాలు చూసినా మోగలేదు. సరే, అమ్మ కూడా విడిచిపెట్టేసింది అనుకున్నా."

నందిత పొయ్యి వైపు తిరిగింది. పొయ్యిమీద ఏమీ లేదు.

"మొన్న సముద్రంకాడికి పోయినా వదినా. మళ్లా ఇంటికి వచ్చే ఉద్దేశం లేకుండానే పోయినా. నీళ్లలో దిగినా. నడుంకాడ దోపుకున్న ఫోన్ మోగింది. పుదుచ్చేరి. తీసి చూసేలోపల మళ్లా మోగింది. ఒక ఫోటో చూసి ఇంకొకటి, అది చూసి ఇంకొకటి. ఎంతసేపని నిలబడతా నీళ్లలో. ఒడ్డుకొచ్చి ఇసకలో కూర్చున్నా. పొద్దు వాలేదాకా మోగతానే ఉంది."

నందిత వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. ఆమె ఒళ్లోని చెంబు తీసి పక్కన పెట్టి, ఆ చేయి పట్టుకుంది. సీకాయ వాసన వంటింటిదాకా వచ్చింది. పరిమళ సంచిలో ఫోన్ మోగింది.

"చూడు, నేను ఈడే ఉండాను, అమ్మ ఆ పేజీలో వెతుకుతా ఉండాది" అంది పరిమళ.

చూసేవాళ్లకు జవాబు రాయడానికి పేజీలో చిన్న గడి ఉంది. పరిమళ అంతవరకూ దాంట్లో ఎవరికీ ఏదీ రాయలేదు. ఇంటి తెలుగునే, తనకు వచ్చిన అరవ అక్షరాల్లో, మెల్లగా కొట్టింది: అమ్మా, నేను ఇంటికి వచ్చినా.

ముందుగదిలో దీపం ఒకసారి గట్టిగా వెలిగి, కుదురుకుంది. ఫోన్ మళ్లీ మోగలేదు. ఆర్తి దొడ్లోంచి కేకేసి, బట్టలు ఆరినాయి, తీసేదా అని అడిగింది.

వంటింటి గడపమీద రఘునాథన్ ఎంతసేపటినుంచి నిలబడి ఉన్నాడో ఎవరూ చూడలేదు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మిషన్ ఏంది, కాలితో తొక్కేదా, కరెంటుదా?" అని అడిగాడు.

"తొక్కేదే అన్నా."

"నేను ఒక్కడినే ఎత్తలేను. తిరుమలైని పిలుచుకొని కారైకాల్ పోయి తెస్తా." చొక్కా వేసుకుంటూ చేయి చాచాడు. "నీ ఇంటి తాళంచెవి ఇయ్యి."

పరిమళ కొంగు ముడి విప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టింది.