మొదటి బెంచీ తల

...పైగా బోర్డు మీద రాసిన మొదటి మాట 'ప్రణాళిక'. అది చూడగానే మొదటి బెంచీలో కూర్చున్న ఆమెకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది. రేపు పొద్దున లెక్కల్లో మళ్లీ పరీక్ష. మిగిలింది ఈ ఒక్క క్లాసు. అందులో ఇంటిగ్రేషన్ చెప్పడం మానేసి, కాలేజీలో చదువుకోవడం ఎలాగో చెబుతాడట ఈ మహానుభావుడు! ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే ఆలస్యం అనుకుంటాం. ఈయన గడ్డపార పట్టుకోవడం ఎలాగో నేర్పుతున్నాడు. రేపు కూడా తప్పితే ఏడాది పోతుంది. వచ్చే ఏడు జూనియర్ల పక్కన, ఇదే బెంచీ మీద, ఇదే గొంతు వింటూ కూర్చోవాలి.

లెక్కల సార్ సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీసి ముక్కలు చేస్తున్నాడు. ఇంత నిద్రకి, ఇంత చదువుకి, ఇంత కబుర్లకి. ఆ గీతల్లో ఎంత నిదానం! పాఠం చెప్పినప్పుడు ఈ నిదానమంతా ఏ గంగలో కలిసింది?

"అర్థం కాకపోతే అప్పటికప్పుడే అడగండి. మొహమాటమెందుకు? నేనేమన్నా కొరుకుతానా?" అన్నాడాయన.

కొరకడు. అంతకన్నా పెద్ద పనే చేస్తాడు. 'అర్థమైందా?' అని అడిగి ఆమె మొహంలోకి చూస్తాడు. ఆమె తల ఊపుతుంది. ఆయన పేజీ తిప్పుతాడు. ఏడాది పొడుగునా క్లాసు అలాగే నడిచింది.

మొదటి వారంలో ఒకరోజు ఆ ప్రశ్న అడిగి ఆయన నిలబడిపోయాడు. ఎవరూ పలకలేదు. బరువు దించుకునే చోటు కోసం వెతుకుతున్నట్టు ఆయన కళ్లు క్లాసంతా తిరిగాయి. జాలేసి ఆమె తల ఊపింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకే అమ్ముడుపోయింది. తర్వాత మెడ తనంతట తానే నేర్చుకుంది. ప్రశ్న పూర్తికాక ముందే ఊగేది. ఏం ఊపుతోందో తలకే తెలియదు. పరీక్షలో సగం క్లాసు తప్పింది. తల ఊపినామె కూడా.

పక్కన కూర్చున్న పిల్ల మోచేత్తో పొడిచింది. "ఒసే గంగిరెద్దూ! ఇవాళన్నా ఆ మెడకి సెలవివ్వవే. నువ్వు ఊపినప్పుడల్లా మా కొంప మునుగుతోంది."

"నీకు నోరు లేదా? నువ్వే అడగొచ్చుగా!"

"అడిగానుగా. 'ఆ అమ్మాయికి అర్థమైంది, నీకేం తెగులు?' అన్నాడు. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆ రోజు లోలోపల కాస్త సంతోషించింది కూడా. అది గుర్తుకొచ్చి చెవులు వేడెక్కాయి.

నిన్న ఫోన్లో అక్క కూడా అదే పాట. "సార్‌ని తిట్టుకుంటూ కూర్చో. నీకు రాలేదని ఆయనకేమన్నా కలొస్తుందా?" వినలేక తనే ఠక్కున ఫోన్ పెట్టేసింది. అబద్ధం చెబితే అంత కోపం రాదు.

పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది ఆ కోపం. సార్ చేతిలో పెట్టి చూసింది, పక్కనున్న పిల్ల చేతిలో పెట్టింది, అక్క చేతిలో పెట్టింది. చివరికి తిరిగి తన చేతుల్లోకే వచ్చింది. మంచి పిల్ల అనిపించుకోవాలన్న చిన్న కక్కుర్తి! దానికోసం ఇంతమందిని ముంచింది. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? అన్ని మొహాలుండగా, తనకు హాయిగా ఉన్న ఒక్క మొహాన్నే చూసుకున్నాడు.

సార్ చేతులు దులుపుకున్నాడు. గుండ్రం నిండిపోయింది.

"అర్థమైందా?"

కళ్లు అలవాటుగా మొదటి బెంచీ మీద వాలాయి. మెడలో నరం కదిలింది. ఆమె రెండు అరచేతుల్తో గడ్డాన్ని గట్టిగా పట్టుకుంది. వెనక ఎవరో దగ్గారు. ఆయన నవ్వు సగంలో ఆగింది.

"ఏమ్మా? అర్థమైందిగా?" అంటూనే ఆయన డస్టర్ అందుకున్నాడు.

ఆమె గడ్డం మీంచి చేతులు తీసింది. నేరుగా ఆయన కళ్లలోకి చూస్తూ, తల అడ్డంగా ఊపింది.