ఇరకం దీవికి కాలినడక

అందరి అత్తగార్లకూ మోకాళ్ళ నొప్పులుంటాయి. ధరణి అత్తగారు మునిరత్నమ్మకు మాత్రం అరవై ఆరేళ్ళొచ్చినా లేవు. కోడలి జాతకంలో ఇంతకన్నా పెద్ద దోషం ఉండదు. నొప్పులున్న అత్తగారైతే మంచం మీద కూర్చుని మాటలంటుంది. లేని అత్తగారు వంటింట్లోకీ మిద్దె మీదికీ వెంటపడి వచ్చి మరీ అంటుంది.

అనే మాట కూడా పదకొండేళ్ళుగా ఒక్కటే. "మా కోడలు మోకాళ్ళ మిట్టకాడ జీపెక్కేసింది."

పెళ్ళయిన నెలకు అత్తాకోడళ్ళు తిరుమల కొండకు నడిచి వెళ్ళిన నాటి సంగతి అది. కథలో మెట్లు నిట్టనిలువుగా ఉండే ఆ మోకాళ్ళ మిట్ట నిజమే, జీపూ నిజమే. తల తిరిగి మెట్టు మీద కూలబడింది మాత్రం అత్తగారు. జనం గుమిగూడి, "ఎవురికమ్మా చేతకాలేదు?" అని అడిగితే, కొత్త కోడలు "నాకే" అని పెద్దామె పరువు కాపాడింది. కాపాడిన పరువు సాయంత్రానికల్లా ఎదురు తిరిగి కాటేసింది. మునిరత్నమ్మ ఆ కథను మొట్టమొదట తడలో ఉండే అక్క దేవకమ్మకు చెప్పింది. దేవకమ్మకు చెబితే ఇక ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ధరణి చీరలడగలేదు, నగలడగలేదు. ఆ మాటను అత్తగారు తన నోటితో, దేవకమ్మ ఎదుట, వెనక్కి తీసుకోవాలి. పదకొండేళ్ళుగా ఆమె కోరిక అదొక్కటే.

ఈ మాఘమాసంలో దారి దొరికింది. నూరోసారి కొండెక్కి వచ్చిన మునిరత్నమ్మ ఇక మెట్లు చాలనీ, తమ ఊరు కార్వేటినగరం నుంచి సముద్రం దాకా నడుస్తాననీ మొక్కుకుంది. బండి అన్నది ఎక్కకూడదు.

"వస్తావామ్మే? లేకుంటే ఎనకాలే జీపొకటి రమ్మందామా?"

"వస్తానత్తా. దోవ నేను గీస్తా."

ధరణి భూగోళశాస్త్రంలో ఎం.ఏ. చేసింది. ఆ చదువు ఇన్నాళ్ళూ పప్పుల డబ్బాల మీద పేర్లు రాయడానికి పనికొచ్చింది. ఇప్పుడు పటం ముందేసుకుని వినయంగా చెప్పింది. "సముద్రం ఒడ్డున రాకెట్లుండాయి, ఆడికి మనల్ని పోనియ్యరు. తడ దాకా నడిచి, పులికాట్ సరస్సులో ఇరకం దీవికాడ మొక్కు తీర్సుకుందాం. తడలో పెద్దత్తనూ రమ్మందాం."

మునిరత్నమ్మ సరేనంది. ఒకప్పుడు సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వైపు బస్సులో పోతూ, సరస్సు నడిమధ్యన తారురోడ్డు కళ్ళారా చూసిన మనిషి. పులికాట్‌లో యాడికైనా రోడ్డుంటుందని ఆమె నమ్మకం. పెద్దల నమ్మకాలను చెదరగొట్టడం ధరణికి ఇష్టం లేకపోయింది.

ఐదు రోజుల నడక. మొదటి రోజు మామిడి తోటల మధ్య పూత వాసనలో సాగింది. పుత్తూరులో ఎముకల కట్టు కట్టే చోటు రాగానే అత్తగారు ఆగింది. "కాలిరిగేటట్టుంటే ఈడే ఇరగ్గొట్టుకో. ముందర ఊళ్ళల్లో కట్టేవాళ్ళుండరు."

"మీ కాలు జాగర్తత్తా. నోటికి ఈడ కట్టు కట్టరంట."

నాగలాపురం కొండల పక్కగా వాగు దాటారు. సత్యవేడు దగ్గర లారీల దుమ్ము తిన్నారు. రాత్రి బస చేసిన ప్రతి చుట్టాలింట్లోనూ అన్నంతోపాటు జీపు కథా వడ్డనకొచ్చింది. ఒకచోట రెండోసారి కూడా. నాలుగో రోజుకి ఎర్రమట్టి పోయి ఇసుక వచ్చింది. తాటిచెట్లూ, సరుగుడు తోపులూ, పెదవి మీద ఉప్పగా తగిలే గాలీ. మెట్లకు అలవాటుపడ్డ మునిరత్నమ్మ పాదాలకు ఇసుక గిట్టలేదు.

"ఇసక గూడా నీ మాదిరే. తొక్కితే జారుకుంటాది."

ధరణి మంచినీళ్ళ సీసా అందించింది, అదీ సగం ఖాళీది.

ఐదో రోజు పొద్దున్నే సరస్సు ఒడ్డు చేరారు. దేవకమ్మ అప్పటికే ఆటోలో వచ్చి, మురుకుల డబ్బాతో గట్టు మీద కూర్చుని ఉంది. దూరంగా నీళ్ళలో ఎర్రకాళ్ళ కొంగలు. వాటికీ దూరంగా, గీతలాగా దీవి. పడవ నడిపే చిన్నబ్బ గెడ పట్టుకుని నిలబడ్డాడు.

"రోడ్డు యాడ?" అంది మునిరత్నమ్మ.

"రోడ్డేందవ్వా? దీవికి పడవే."

మునిరత్నమ్మ మెల్లగా కోడలి వైపు తిరిగింది. "నీకు తెల్సునా?"

"దీవంటే సుట్టూ నీళ్ళుంటాయని అయిదో తరగతిలోనే సెప్పినారత్తా. ఎక్కండి. మొక్కు తప్పిన మాట నేనెవురికీ సెప్పను." చెంగు నడుముకు దోపుకుంది. "పెండ్లిళ్ళలో తప్ప."

"నీ కడుపు కాల! ఐదు దినాలు నడిపించింది ఇందుకా?"

పడవ కూడా బండి లెక్కే కదా, మునిరత్నమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి నడిచే పోదామని నీళ్ళలో దిగింది.

"నీళ్ళు తక్కువే అవ్వా, బురదే ఎక్కువ!" చిన్నబ్బ అరిచాడు.

నూరుసార్లు కొండెక్కిన మనిషికి చెబితే వింటుందా! పది అడుగులు బాగానే వేసింది. పదకొండో అడుగులో కుడికాలు మోకాలిదాకా దిగబడింది. దాన్ని లాగబోతే ఎడమది దిగింది. ఇటూ అటూ ఊగి, ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. ధరణి వెనకే దిగి, వెళ్ళి రెక్క పట్టుకుంది.

గట్టు మీద దేవకమ్మ మురుకు నమలడం ఆపింది. "ఏమయ్యిందమ్మే? ఎవురికి చేతకాలా?"

అదే ప్రశ్న. మునిరత్నమ్మ కోడలి మొహంలోకి చూసింది. చూపులో అధికారం ఉంది, ఆశ కూడా ఉంది. ఇప్పుడీ పిల్ల "నాకే" అంటుంది. అనాలి. అలవాటైన నోరు కదా, ధరణికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె పెదవులు బిగించి, కొంగలను లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"లాగమ్మే," అంది అత్తగారు, పళ్ళ బిగువున.

"పెద్దత్త ఏందో అడగతా ఉండాది, ముందు ఆమెకు సెప్పండి."

బురద ఇంకొక అంగుళం మింగింది.

"మిమ్మల్నేనే!" దేవకమ్మ లేచి నిలబడింది. "ఇద్దర్లో ఎవురికి చేతకాలా?"

మునిరత్నమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచింది. కొంగలు లేచి పోయేంత గొంతుతో అరిచింది.

"నాకే అక్కా! ఇప్పుడూ నాకే, ఆ పొద్దు మోకాళ్ళ మిట్టకాడా నాకే! తల తిరిగి పడింది నేను, జీపు పిలిచింది నాకోసం. పదకొండేండ్లుగా నీకు సెప్పిందంతా తప్పు. తప్పు నాది!"