ఏలీయా వేసిన ముడి

బందరులో నాది బ్యాటరీలు ఛార్జింగు పెట్టే షెడ్డు. తెలివైనవాణ్ణని నాకు నేనే అనుకుంటూ ఉంటాను. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూ ఉంటాను. ఆ తెలివే ఏలీయా కాలి వేళ్లు రెండు తీసింది.

ఏలీయాది దివిసీమలో ఒక పల్లె. లారీ ట్యూబులో గాలి నింపి, మధ్యలో గోనెపట్టా బిగించి, అందులో కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడిస్తూ పొలాల నీరు పోయే మురుగు కాలవలో చేపలు పట్టేవాడు. "చేతుల్తో తెడ్డేసుకుంటూ ఎన్నాళ్లు బావా?" అని నేనే వెంటపడ్డాను. మిలిటరీ వేలంలో దొరికిన చిన్న మోటారుకి పొడుగు కడ్డీ, కడ్డీ చివర ఇత్తడి రెక్క పెట్టాను. మోటారూ బ్యాటరీ ఒకే చెక్క మీద. ఆ చెక్కని ట్యూబుకి వెనకవైపు కట్టాలి.

"ఇనప తీగతో కట్టనా?" అన్నాడు ఏలీయా.

"తీగ బ్యాటరీకి తగిలితే షార్టయిపోద్ది. నూలు తాడు కట్టు."

కొత్త తాడు నేనే కొనిచ్చాను. ముడి అతను వేశాడు. ఏలీయా ముడి అంటే ఆ ఊళ్లో పేరు. క్రిస్మస్‌కి చర్చి ముందు వేసే తాటాకు పందిరికి ప్రతి ఏడూ కట్లన్నీ అతనివే. గాలివానకి ఆకు లేచిపోయిందేమో గాని, కట్టు ఊడిందని ఎవరూ అనలేదు.

జాగ్రత్తలు చాలా చెప్పాను. రెక్క తిరుగుతుంటే కాళ్లు ముందుకి పెట్టుకో. నాచు చుట్టుకుంటే వైరు పీకాకే చెయ్యి పెట్టు. వానొస్తే ఒడ్డుకొచ్చెయ్యి. పంతులుగారిలా ఇంత చెప్పినవాణ్ణి, బ్యాటరీ మూతలు బిగించానో లేదో చూసుకోలేదు.

నెల తిరక్కుండానే, ఆగస్టులో ఒక మధ్యాహ్నం, కాలవ మధ్యలో కట్టు వదిలేసింది. తిరుగుతున్న రెక్కతో సహా చెక్క ట్యూబు కిందుగా జారి అతని కాళ్ల మీదికి ఒరిగింది.

కబురంది నేను వెళ్లేసరికి అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. చెక్క ఒడ్డున పడి ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది. దాని పక్కన, బ్యాటరీ ఆనిన చోట, తాడు నల్లబడి తెగిపోయింది. వేళ్లతో నలిపితే పొడి అయింది. ట్యూబు ఊగినప్పుడల్లా వదులు మూతల్లోంచి యాసిడ్ చిందింది. రోజూ నా చొక్కాలకి చిల్లులు పెట్టే యాసిడే. నాకు తెలియనిదా? ఎవరూ చూడకుండా ఆ తాడుని కాలవలోకి విసిరేశాను.

ఆస్పత్రిలో ఏలీయా నా చెయ్యి పట్టుకున్నాడు. "నా ముడే జారింది బషీరూ. నీ మోటారు పాడు చేశాను. ఏమనుకోమాక."

"పోన్లే బావా," అన్నాను. అతన్ని క్షమించాను, నేను! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

డిసెంబరులో చూడ్డానికి వెళ్లాను. ఏలీయా అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన చేతికర్ర. ఎదురుగా చర్చి ముందు పందిరి వేస్తున్నారు. కట్లు ఈసారి కాంతారావనే అతను కడుతున్నాడు.

"ఈయన్ని పిలవలేదండీ," అంది అతని భార్య జ్ఞానమ్మ. "తన ముడికి తన కాలే పోయింది, పిల్లలు కూర్చునే పందిరి ఎట్టా అప్పగిస్తాం అన్నారు చర్చి పెద్దలు."

ఏలీయా చేతిలో ఒక తాడు ముక్క. ముడి వేస్తున్నాడు, లాగి చూస్తున్నాడు, విప్పుతున్నాడు. మళ్లీ వేస్తున్నాడు.

ఇక నావల్ల కాలేదు. చొక్కా అంచు పట్టుకుని, చిల్లులోంచి వేలు బయటికి పెట్టి చూపించాను.

"ఇది యాసిడ్ చిల్లు బావా. నీ తాడునీ ఇదే తినేసింది. మూతలు బిగించంది నేను. నీ ముడి ఊడలేదు. నేను చూశాను. చూసి, ఆ తాడు కాలవలో పారేశాను."

ఏలీయా ఆ చిల్లునే చూశాడు. వేళ్లు తెగిన రోజు ఏడవనివాడు, ఇప్పుడు ఏడ్చాడు.

"ముడి అట్టాగే ఉందా?"

"అట్టాగే ఉంది."

"నాలుగు నెల్లు, బషీరూ," అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "నాకు చెబితే ఏం లాభం? అక్కడ చెప్పు." పందిరి వైపు చూపించాడు.

పట్టుమని ఇరవై అడుగుల దూరం లేదు. వేళ్లన్నీ ఉన్న కాళ్లు నావి, అయినా కదల్లేదు. ఏలీయా చేతికర్ర అందుకుని లేచాడు. కుంటుకుంటూ పందిరి వైపు నాకంటే ముందు నడిచాడు.