నవ్వుల పందెం

యర్రగొండపాలెం దగ్గరి చెంచుగూడెంలో ఆశా కార్యకర్త గురవమ్మ ఇల్లిల్లూ తిరిగి, "రెండు వారాల నుంచి దగ్గేమన్నా ఉందా?" అని అడిగితే ఒక్కరూ ఉందనలేదు. టీబీ అని తేలితే పక్కన కూర్చోనివ్వరని అందరికీ భయం.

దాంతో ఆమె ఆదివారం ఆరుబయట నవ్వుల పందెం పెట్టింది. దగ్గకుండా ఎక్కువసేపు నవ్వినవాళ్లకు స్టీలు బిందె ఇస్తానంది.

మొదట అందరూ ఉత్తుత్తిగా నవ్వారు. ఇంతలో ఒక మేక వచ్చి, ముందు వరసలో కూర్చున్న ముసలి అంకన్న భుజం మీది తువ్వాలు నమలసాగింది. ఇక ఎవరికీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వుల్లోనే నలుగురికి దగ్గు తెర పట్టుకుంది. అందరికన్నా ఎక్కువగా దగ్గింది అంకన్నే.

"దగ్గు లేదంటివే మామా!" అంది గురవమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"ఇది దగ్గు గాదమ్మే, నవ్వు అడ్డం పడింది!"

జనం మళ్లీ విరగబడి నవ్వారు. గురవమ్మ సంచిలోంచి తెమడ పరీక్ష డబ్బా తీసింది. కాదనే ఓపిక లేక అంకన్న చెయ్యి చాపాడు. "సరే, తే ఆ డబ్బా. తెమడ ఇస్తా." మిగతా ముగ్గురూ ఇచ్చారు.

బుధవారం ఆమె బస్టాండులో ఉండగా ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. గురవమ్మ గంతులేసింది.

"ఏందక్కా, లాటరీ తగిలిందా?" అన్నాడు ఆటో నడిపే కోటి.

"ఇద్దరికి టీబీ దొరికినాది!"

చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. గురవమ్మ నాలుక కరుచుకుంది. "ముదరకముందే దొరికినాది. ఆర్నెల్లు మాత్రలు మింగితే తగ్గిపోతాది. నువ్వు గూడేనికి ఆటో తియ్యి తమ్ముడా, తొందరగా!"