బీరన్న మెడ మీది బస్తా

సూర్యాపేట మార్కెట్ల పొద్దున ఆరు గంటలకే హమాలీలు చాయ తాగి, మెడ మీద గోనెపట్ట ఏసుకొని వడ్ల రాశుల కాడ నిలబడుతరు. బీరన్న పదిహేనేండ్లు గట్లనే నిలబడ్డడు. డెబ్బై అయిదు కిలోల బస్తా మెడ మీద పడ్డంక గూడ, నడుమల ఎవలన్న పలకరిస్తే ఆగి, ఇంటోళ్ల మంచిచెడ్డ అడిగి మరీ కదిలేటోడు. అంత పొగరు మనిషికి. ఆయన పెండ్లాం బుచ్చమ్మ సద్ది తెచ్చినప్పుడల్ల అది చూసి, నీ మెడ ఇనుముతోని చేసిన్రా అని తిట్టేది.

పందొమ్మిది వందల డెబ్బై ఒకటిల యాసంగి వడ్లు వచ్చినప్పుడు ఆ పొగరు దిగింది.

మార్కెట్ల తూకం వేసి లెక్క చెప్పేటోన్ని దడ్వాయి అంటరు. మొదటి బస్తాకు ఆయన ఒకటి అనడు, లాభం అంటడు. రెండో బస్తాకు రెండు అంటడు. ఆయన నోట రెండు వచ్చేదాకా మొదటి బస్తా దిగినట్టు లెక్క కాదు. హమాలీ నోట మాత్రం లెక్క రావద్దు. ఆ పొద్దు దడ్వాయి మట్టయ్య బీరన్న బస్తా చూసి లాభం అన్నడు, గుండె పట్టుకొని రాశి మీదనే ఒరిగి పానం ఇడిసిండు. బీరన్న బస్తా కాంటా మీద దించి ఉరికిండు. మట్టయ్యను ఇంటికి మోసుకపోయినంక ఇంకో దడ్వాయి వచ్చి మళ్ల లాభం నుంచి మొదలు పెట్టిండు. ఆ నడుమల ఎవలన్న ఒక్కలు రెండు అంటే అయిపోవు. ఇరవై మంది హమాలీలు ఉండి ఒక్కడు నోరు తెరువలె. మర్యాద తప్పుతదని భయం, ఏం మర్యాదో ఏమో. పొద్దుగూకినంక చూస్తే రాశిల ఒక బస్తా తక్కువ వచ్చింది. మార్కెటంత దేవులాడిన్రు, దొరకలె.

తెల్లారి బీరన్న మెడ వంగింది.

వారం తిరగకముందే పిచ్చుకలు ఆయన ఎంబడి పడ్డయి. ఎటు పోతే అటు వచ్చి, మెడ మీద ఏం లేని చోట గాలిలనే వాలి పొడుచుకొని తినేటియి. అంగీ భుజాల మీద వడ్ల పొట్టు రాలేది. తల తిప్పితే చెవి ఎనుక గింజలు జారిన సప్పుడు వచ్చేది. ఒకనాడు కాంటా ఎక్కి చూసుకుంటే నూట ఇరవై ఏడు కిలోలు తూగిండు. ఆయన బరువు యాభై రెండు. కొత్త దడ్వాయి ముల్లు దిక్కు చూసి, జర దిగు బీరన్నా, అవతల బండ్లున్నయి అన్నడు. బుచ్చమ్మ ఆ దడ్వాయినే బతిమాలి, మొగని చెవిల రెండు అనిపించింది. ఏం ఫాయిద లేకపాయె. ఆ రాశి ఎప్పుడో మిల్లుకు పోయి, బియ్యమై, జనం కడుపులకు గూడ పోయింది.

వానలు పడేనాటికి బీరన్న వేళ్లు తిమ్మిరెక్కినయి. అంగీ గుండీలు పెట్టరాదు. నడుస్తుంటే కాలుకు కాలు తట్టుకునేది. చేతులు పోతే హమాలీ బతుకేముంటది, ఆయనకు కంటి మీద కునుకు లేదు.

సూర్యాపేట డాక్టరు ఫోటో తీపిచ్చిండు. ఫిలింల మెడ ఎముకల పైన మూతి కుట్టిన బస్తా తెల్లగ కనిపించింది. డాక్టరు దాని మీద బొటనవేలు అడ్డం పెట్టి కింది ఎముకలు చూసిండు. ఎముక జరిగి నరాన్ని ఒత్తుతున్నది, పట్నం పోయి ఆపరేషన్ చేపించుకో, ఆలస్యమైతే కాళ్లు గూడ పోతయని చెప్పిండు.

మెడ కోస్తరంటే బుచ్చమ్మ ఒప్పుకోలె. ఇంకొకల్లను అడుగుదామని కోదాడ బస్సెక్కిచ్చింది. కోదాడల సత్యనారాయణ డాక్టరు ఆంధ్ర దిక్కు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతడు. "మెడ జోలికి వెళ్ళకండి. అక్కడ గోరంత తేడా వచ్చినా ఇక మంచం దిగరు," అన్నడు. మెడకు తోలు పట్టీ కట్టిండు. కిటికీలకెల్లి పిచ్చుకలు లోపలికొస్తే లేచి ఫ్యాన్ ఏసిండు. ఆ పట్టీ రెండు నెలలకే అణిగి అప్పడమైంది.

ఒకాయన కొయ్యాలన్నడు, ఒకాయన కొయ్యొద్దన్నడు. మార్కెట్ల సగం మంది ఆయన దిక్కు, సగం మంది ఈయన దిక్కు. బీరన్న ఎవల మాట వింటే వాళ్ల దిక్కు తల ఊపేటోడు, ఊపినప్పుడల్ల గింజలు జారేటియి. బుచ్చమ్మకు ఇసుగు పుట్టి మూడో డాక్టరు కాడికి మిర్యాలగూడ తోలుకపోయింది. దామోదర్ డాక్టరు రైసు మిల్లుల హమాలీల మెడలు చూసి చూసి ముసలోడైండు. బీరన్న పట్టీ ఇప్పి, తూకం ఏసి, అటూ ఇటూ నడిపిచ్చి చూసిండు.

"సూర్యాపేటాయన చెప్పింది నిజమే. ఆపరేషన్ అయితే బాగైతవు," అన్నడు. "కోదాడాయన చెప్పింది గూడ నిజమే. ఇది మీద ఉండంగ ఎముక కోస్తే మెడ నిలవది."

"దించరాదా సారు?" అని బుచ్చమ్మ అడిగింది.

"గిసొంటియి ఇంతకుముందు రెండు చూసిన. ఇది దిగేది కాదమ్మా. మెడ మారేది."

బయటికొచ్చినంక బీరన్న మొండికేసిండు. చేతులు పోతే పోనియ్, దీన్ని ఇంకొకల మెడ మీద పెట్టి నేను బతకనన్నడు. బుచ్చమ్మ ఇంటికొచ్చి అన్నం కలిపి పెట్టింది. ఆయన చేతిల ముద్ద మూడుసార్లు జారి పడ్డది. నాలుగోసారి ఆయన ఏడ్సిండు. బుచ్చమ్మ ముద్దలు చేసి తినిపిచ్చింది. పక్కింటామెను పిలిచి మేకలను చూడుమని చెప్పి, రెండు చీరలు సంచిల పెట్టుకున్నది.

పట్నం దవాఖానల పొద్దున్నే బీరన్నను తీసుకపోతందుకు తోపుడు మంచం తెచ్చిన్రు. వరండల బుచ్చమ్మ కొంగు నడుముకు దోపి ఆయన పక్కకు వచ్చింది. ఒక హమాలీ అలిసినప్పుడు ఇంకొకడు పక్కన వంగి, బస్తా కింద మెడ పెట్టి, మెల్లగ జరుపుకుంటడు. పదిహేనేండ్ల సంది చూస్తున్నది గద, ఆమెకు ఎవలు నేర్పాలె. బీరన్నకు అర్థమై ఒద్దే ఒద్దే అనేలోపల మెడ పెట్టింది. ఆమె మోకాళ్లు ఒకసారి వంగి లేచినయి, చెప్పు పట్టి తెగింది. బీరన్న తల దానంతట అదే పైకి లేచింది.

"పోయి రా పో," అన్నది బుచ్చమ్మ. "నువ్వొచ్చేదాకా నేను పట్టుకుంట."

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. ఎనిమిదో నాటికి వేళ్లు కదిలినయి, మూడు వారాలకు తన గుండీలు తానే పెట్టుకున్నడు. ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరు గట్టిగ చెప్పిండు, ఇగ బతికినన్ని రోజులు మెడ మీద ఏ బరువు పెట్టొద్దని. బీరన్న సరేనన్నడు. బస్టాండుకు వచ్చి సూర్యాపేట బస్సు కోసం నిలబడ్డంక సంచి కింద పెట్టిండు. ఆయనే బుచ్చమ్మ పక్కకు వచ్చి, ఆమె చుట్టూత పిచ్చుకలను తోలి, వంగిండు.

"ఇగ ఇయ్యే."

బుచ్చమ్మ రెండడుగులు పక్కకు జరిగింది. ఆయన మళ్ల దగ్గరికొస్తే మళ్ల జరిగింది. "నీ మెడ కోసి కుట్టింది మళ్ల ఇరగ్గొట్టుకునేతందుకు కాదు," అన్నది.

బీరన్న కింద పెట్టిన సంచి మళ్ల చేతిల పట్టుకున్నడు. "బరువున్నదా?" అని అడిగిండు.

"ఏం లేదు," అన్నది.

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తల ఎత్తలేదు, ఎత్తరాలేదు. ఆయన ఎంత వంగి చూసినా పాపిట తప్ప మొఖం కనిపించలె. అబద్ధమో నిజమో తెలువాలంటే ఒకటే తొవ్వ ఉన్నది. అంత జనంల, బస్టాండు మట్టిల, బీరన్న ఆమె కాళ్ల ముందట కూసొని మొఖం చూసిండు.

గప్పటి సంది బుచ్చమ్మతోని ఏం మాట్లాడాలన్నా బీరన్న నేల మీద కూసుంటడు.