గజేందర్ చేతిరాత

ఖతర్‌లో అల్ ఖోర్ దారిలో ఉన్న ఆ కూలీల క్యాంపులో కంపెనీ ఏ కాగితం అంటించినా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండేది. నీళ్లు ఎప్పుడు ఆగుతాయో, శుక్రవారం బజారుకని ఏషియన్ టౌన్‌కు బస్సు ఉందో లేదో, వరల్డ్ కప్ పనుల కోసం ఏ రోడ్డు మూస్తారో అన్నీ అందులోనే. మనవాళ్లు దాని ముందు నిలబడి, బొమ్మ చూసినట్టు చూసి పోయేవారు. అది చూడలేక, ఆ భాషలు చదవగలిగిన గజేందర్ పక్కనే తెలుగులో రాసిపెట్టడం మొదలుపెట్టాడు. కంపెనీ అడిగింది లేదు, పెట్టింది లేదు. అయినా మనిషికి అదో పిచ్చి! స్కేలుతో గీత కొట్టి, నీలం స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసి, గోడకు టేపు వేసి, వెనక్కి జరిగి చూసుకుని, ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. గ్రూపులో పడితేగాని అతనికి నోటీసు పూర్తయినట్టు కాదు.

ఆ గ్రూపు పేరు 'దుబాయ్ దోస్తులు'. ఉన్నది ఖతర్‌లో కదరా అంటే ఊళ్లో ఎవడు వింటాడు! వేరే క్యాంపుల్లో ఉన్న ఊరివాళ్లూ, ఇళ్ల దగ్గరి ఆడవాళ్లూ అందరూ అందులోనే. గజేందర్ రూములోనే ఉండే బుచ్చన్న భార్య సునంద అయితే ప్రతి నోటీసూ చదివేది. "ఐతారం నీకు నీళ్లు రావంట, తానం జేసి పండు" అని మొగుడికి తనే ముందు చెప్పి ఆటపట్టించేది. "గజేందరన్న రాస్తె అచ్చు గుద్దినట్టుంటది" అనేది.

బుచ్చన్నది గజేందర్ కింది మంచం. ఆ వేసవిలో పని చేస్తూ సైటు మీదే కుప్పకూలాడు. ఆస్పత్రిలో చేర్చినప్పటినుంచి సునంద రోజూ గజేందర్‌కు ఫోన్ చేసేది.

"అన్నా, మంచైనా చెడైనా నువ్వే చెప్పాలె," అంది ఒకరోజు. "ఎవలెవలో అనుకుంటుంటె నా చెవుల పడొద్దు. మాటియ్యి."

"నేనే చెప్త చెల్లె. ముందుగాల నీకే చెప్త."

మధ్యాహ్నం ఎండకు పనులు ఆపే రోజులవి. క్యాంప్ ఇన్‌ఛార్జి కృష్ణప్రసాద్ రూముకే వచ్చాడు. కోనసీమ మనిషి, నోరు తెరిస్తే మూడు బ్లాకులకు వినపడాలి. అలాంటివాడు గుమ్మంలో నిలబడి మాటలు వెతుక్కుంటుంటే గజేందర్‌కు తెలిసిపోయింది.

"బుచ్చన్న పోయాడయ్యా. ఆస్పత్రి నుంచి ఇప్పుడే కబురొచ్చింది. సాయంత్రం మెస్‌లో అందరం కలుద్దాం, తెలుగులో నువ్వు రాసెయ్. మరి ఇంటికి ఫోను ఆఫీసు నుంచి చేయించమంటావా?"

"వద్దు సార్. నేనే చేస్త. మాటిచ్చిన."

ఏడుపు రాలేదు. ఎందుకు రావట్లేదని కూడా అనిపించలేదు. ఫోన్ తీసి సునంద పేరు దాకా పోయాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియక పక్కన పెట్టేశాడు. ముందు నోటీసు రాసేస్తే నోట్లో మాట కుదురుతుందనుకున్నాడు. చేతగానితనం కాకపోతే ఏమిటి! మాట్లాడడంకన్నా రాయడం తేలిక.

స్కేలు పెట్టి గీత కొట్టాడు. నీలం పెన్ను పట్టుకుని, పక్కన పెట్టి, నలుపు తీసుకున్నాడు. 'మన బుచ్చన్న ఈ రోజు చనిపోయాడు. సాయంత్రం మెస్‌లో అందరం కలుస్తున్నాం.' పేరు కాస్త పక్కకు జరిగింది. ఆ కాగితం చింపి ఇంకొకటి రాశాడు. అవును, మళ్లీ రాశాడు, చచ్చిపోయినవాడి పేరు నడిమధ్యన రాలేదని!

మెస్ గోడ మీద క్రికెట్ పోటీల కాగితానికీ ఫుట్‌బాల్ బొమ్మకూ నడుమ జాగా చూసి అంటించాడు. మూలలు వేలితో అదిమి, వెనక్కి జరిగి చూశాడు. వంకర లేదు.

రూముకు వచ్చి కింది మంచం మీద కూర్చున్నాడు. దండెం మీద బుచ్చన్న లుంగీ ఆరి బిర్రబిగిసి ఉంది. ఇక చేయాలి. 'చెల్లె, గుండె గట్టి చేసుకో' అని మొదలుపెడదామనుకుని, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అంతలో ఫోనే మోగింది. సునంద.

వెనకాల ఎవరో ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు. ఆమె మాత్రం ఏడవడం లేదు.

"చెల్లె..."

"గ్రూపుల పెట్టింది నీ రాతనే గదన్నా?"

అతనికి అర్థం కాలేదు. ఫోన్ చెవి నుంచి తీసి గ్రూపు తెరిచాడు. నల్ల అక్షరాలు, నడిమధ్యన పేరు. తను పంపిన ఫొటోనే. ఎప్పుడు తీశాడు, ఎప్పుడు పెట్టాడు! రోజూ చేసే పని, వేళ్లు వాటంతటవే చేసుకుపోయాయి. దాని కింద అప్పుడే దండం పెట్టే చేతుల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"నువ్వే చెప్తనంటివి గద," అంది సునంద. గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "చెప్పినవ్."

అటు ఆమె ఫోన్ పెట్టేయలేదు, ఇటు అతనూ పెట్టేయలేదు. ఇప్పుడైనా ఆమె ఏడుస్తుందేమోనని అలాగే వింటూ కూర్చున్నాడు.