మూతలు పోగా మిగిలినవి

లైల్ పెట్టెని మంచం మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. నాలుగు రోజుల్లో ఇది మూడో గిన్నెల పెట్టె. మొదటి రెండూ భార్య ఆర్లిస్ తిప్పి పంపింది. డులూత్ ఊళ్లో గిన్నెలమ్మే దుకాణాలన్నీ తిరిగేసరికి మోకాళ్లు మొరాయించాయి. డెబ్బయ్యొకటో ఏట మొదటిసారి పొయ్యి ముట్టించిన మనిషికి ఏ గిన్నె మంచిదో ఎవరు చెబుతారు?

చెప్పాల్సిన మనిషి ఎదురుగానే ఉంది. పక్షవాతంతో ఆర్లిస్ కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయి నాలుగు నెలలైంది. ఆమె లేని ఇంట్లో ఆమె పెనాలన్నీ లైల్ ఒక్కొక్కటిగా మాడ్చి పారేశాడు. ఇప్పుడు శుక్రవారం ఈ చికిత్సా కేంద్రం వంటగదిలో, థెరపిస్టు చూస్తుండగా, ఉప్పు లేకుండా భార్యకి ఒక పూట వండి పెట్టాలి. పెట్టగలిగితే సోమవారం ఆమెను ఇంటికి పంపుతారు. లేకపోతే ఆమె ఇక్కడే ఉండిపోవాలి.

“పన్నెండు స్టీలు సామాన్లు. ముప్పై తొమ్మిది డాలర్లే!” అన్నాడు.

“విప్పు.”

విప్పాడు. ఆమె ఎడమచేత్తో ఒక్కొక్కటీ పక్కకి నెట్టింది. “మూతలు అయిదు. గరిటెలు రెండు. గిన్నెలు అయిదేనయ్యా! అన్నేళ్లు రేవులో సరుకు లెక్కపెట్టావు, మూతలు కూడా గిన్నెలే అనుకున్నావా?”

“పెట్టె మీద అలాగే రాశారు మరి.”

ఆమె పెనం అడుగున గోటితో కొట్టి చూసింది. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. “ఒట్టి రేకు. దీంట్లో గుడ్డు వేస్తే ఉలి పెట్టి తియ్యాలి.”

“ఇక నా వల్ల కాదు ఆర్లిస్. అలిసిపోయాను.” అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆమె పెనాన్ని మళ్లీ పెట్టెలోకి నెట్టేసింది. “సెట్టెందుకు నీకు? నేర్చుకునేవాడికి మూడు చాలు. ఒక పెనం, మూతున్న చిన్న గిన్నె, సూపుకి పెద్దది. విడిగా కొను. ఎత్తి చూడు, అడుగు బరువుండాలి. నీ తలకాయంత బరువుంటే చాల్లే.”

శుక్రవారం లైల్ విడిగా కొన్న కొత్త పెనం పొయ్యి మీద పెట్టీ పెట్టగానే చికెన్ ముక్క పట్టుకున్నాడు. “ఆగు,” అంది ఆర్లిస్ చక్రాల కుర్చీలోంచి. వేళ్లు తడిపి పెనం మీద చిలకరించింది. నీళ్లు చుయ్యిమని ఆవిరైపోయాయి. ఇంకాసేపాగి మళ్లీ చిలకరించింది. ఈసారి చుక్కలు పూసల్లా దొర్లాయి.

“ఇప్పుడు కాగింది. నూనె. ఊఁ, ముక్క వెయ్యి.”

ముక్క అంటుకుంది. లైల్ కంగారుగా గరిటెతో పెకలించబోయాడు.

“లాగకు. వేగితే అదే వదులుతుంది.”

అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అన్నిటికన్నా అదే కష్టమైంది. చివరికి ముక్క దానంతటదే వదిలింది. థెరపిస్టు రుచి చూసి, ఆర్లిస్‌ని ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టింది.

ఎవరింటి వంట వాళ్లు తెచ్చే చర్చి విందుల్లో గిన్నెలు కలిసిపోకుండా అక్కడి ఆడవాళ్లు కాగితపు టేపు మీద పేరు రాసి అడుగున అంటిస్తారు. నలభై ఆరేళ్లుగా ఆ ఇంటి గిన్నెలన్నిటికీ ఆర్లిస్ పేరే. ఆ సాయంత్రం ఆమె టేపు తెప్పించుకుని, ఎడమచేత్తో వంకరటింకరగా రాసి, అడుగునైతే కాలిపోతుందని పెనం పిడికి అంటించింది. ‘లైల్’.

“నీ పేరు రాయలేదేం?”

“ఇక నేను వండలేనయ్యా.”

ఆ సంగతి నాలుగు నెలలుగా ఇద్దరికీ తెలుసు, పైకి అన్నది ఇప్పుడే. ఇంట్లో రోజూ పొద్దున్నే ఆమె అడిగే మాట, ఈసారి లైల్ అడిగాడు.

“సోమవారం ఏం తింటావ్?”

“ఏదో ఒకటి. మూత తీస్తే కింద గిన్నె, గిన్నెలో తిండి ఉంటే చాలు.”